సంఘాలు కలిసి పనిచేయాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒకే వాడలో పనిచేసే చిన్న సంఘాలు చేతులు కలపాలంటే ఏం చేయాలి? ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ విషయం మీదే ఉన్నాయి. కమిటీలు నడిపినవారు, లెక్కలు రాసినవారు, సహాయ శిబిరాల్లో నీళ్లూ వంటా చూసినవారు కలిసి ఈ జవాబులు రాశారు.

ప్రశ్న: మా ప్రాంతంలో మహిళా సంఘం, యువజన సంఘం, ఒక సేవాసంస్థ విడివిడిగా పేద కుటుంబాలకు సరుకులు ఇస్తున్నాయి. కొన్ని ఇళ్లకు మూడుసార్లు వెళ్తున్నాయి, కొన్నింటికి అసలు అందడం లేదు. కలిసి చేద్దామంటే అందరూ సరేనంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: సమాఖ్య పేరు, కార్యవర్గం, లెటర్‌హెడ్ దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. పదవుల పంపకంలోనే రెండు మూడు నెలలు గడిచిపోతాయి. ఈలోపు ఉత్సాహం చల్లారిపోతుంది. ఒక పట్టికతో మొదలుపెట్టండి. పెద్ద విపత్తుల్లో ఐక్యరాజ్యసమితి మానవతా వ్యవహారాల సమన్వయ కార్యాలయం సంస్థలన్నింటినీ ఒక దారిలో పెట్టడానికి వాడేది కూడా ఇలాంటిదే: ఎవరు, ఏమిటి, ఎక్కడ అనే మూడు గడుల పట్టిక. మీరు దానికి ఇంకో మూడు చేర్చుకోండి: ఏ రోజు, ఎన్ని ఇళ్లకు, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఎవరు.

ఎన్ని ఇళ్లకు అని అడిగితే "ఓ వంద ఉంటాయండీ" అంటారు. ఆ అంకె రాసుకోవద్దు. పోయిన నెల పంపిణీ రిజిస్టరు తెప్పించి అందులోని సంతకాలు లెక్కపెట్టండి. ఇవ్వగలిగినవి వేరు, ఇచ్చినవి వేరు. పట్టిక నిండాక వీధుల వారీగా చూస్తే ఖాళీగా ఉన్న గడులే మీ మొదటి పని ఏమిటో చెబుతాయి.

తరువాతిది కుటుంబాల జాబితా. ఎక్కువగా చెడేది ఇక్కడే. మూడు సంఘాల జాబితాలను పేర్లతో కలిపితే లెక్క కుదరదు. ఒకరు భర్త పేరు రాస్తారు, ఒకరు అత్తగారి పేరు రాస్తారు, మూడోవారు ఇంటిపేరు వదిలేస్తారు. అందుకని వీధి, ఇంటి వరుస సంఖ్య పట్టుకుని పోల్చండి. ఒకే ఇంట్లో రెండు వంటలు సాగుతుంటే రెండు కుటుంబాలుగా రాయండి. పొయ్యి లెక్కకు మించిన లెక్క లేదు.

పేర్లున్న జాబితా ఏ సంఘానిది ఆ సంఘం దగ్గరే ఉండాలి. అందరూ చూసే పట్టికలోకి ఒక కోడ్ (వీధి సంఖ్య, వరుస సంఖ్య), మనుషుల సంఖ్య, ఇచ్చిన వస్తువు, తేదీ మాత్రమే ఎక్కించండి. ఏ కోడ్ ఏ ఇంటిదో తెలిపే పుస్తకం ఇద్దరి దగ్గర ఉంటే చాలు. జబ్బు, అప్పు, ఇంట్లో గొడవలు వంటివి ఎక్కడా రాయకూడదు. వివరాలు తీసుకునేటప్పుడే "ఇవి ఫలానా రెండు సంఘాలు కూడా చూస్తాయి, మీకు అభ్యంతరమా?" అని అడగండి. వద్దన్నవారికి సాయం ఆపకండి, వారి వివరాలు పంచుకోవడం మానండి.

ఇక పని పంచుకోవడం. అందరూ ఒకే రకం సరుకులు ఇస్తుంటే వీధులు పంచుకోవాలి. ఒకరికి మందుల గురించి, మరొకరికి చదువుల గురించి తెలిస్తే పనులు పంచుకోవాలి. వీధులు పంచుకున్నప్పుడు ఒక ప్రమాదం ఉంది: ఒక సంఘం ఆ నెల చేతులెత్తేస్తే వీధి మొత్తం పస్తు. అందుకే ప్రతి వీధికీ రెండో సంఘం పేరు కూడా అప్పుడే రాసిపెట్టుకోండి. ఈ ఏర్పాటు మూడు నెలలే అని ముందే చెప్పుకుంటే వచ్చినవాళ్లు భయం లేకుండా వస్తారు.

ఒక మాట. రెండుసార్లు అందుతున్న ఇంటిని పట్టుకోవడం మీద మనసు పెట్టకండి. ఎనిమిది మంది ఉన్న ఇంటికి రెండు సంచులు ఎక్కువేమీ కాదు. అసలు అందని ఇల్లు ఎక్కడుందో వెతకడానికే ఈ పట్టిక.

ప్రశ్న: ఏ అవసరాల మీద పనిచేయాలో తెలుసుకుందామని ఇంటింటికీ తిరిగాం. అందరూ "డబ్బు కావాలి, ఉద్యోగం కావాలి" అనే చెప్పారు. ఇలాంటి సర్వే వల్ల ప్రయోజనం ఏమిటి?

జవాబు: "మీకు ఏం కావాలి?" అని అడిగితే ఎవరైనా ఆ మాటే చెబుతారు. జరిగిన సంగతి అడగండి. "పోయిన నెలలో ఆస్పత్రికి వెళ్లాల్సి ఉండీ వెళ్లలేకపోయిన రోజు ఉందా? ఎందుకు వెళ్లలేదు?" "పిల్లలు బడి మానిన రోజు ఇంట్లో ఏం జరిగింది?" వీటికి జవాబులు చేతికి అందేలా ఉంటాయి: తోడు వెళ్లే మనిషి లేడు, చంటిబిడ్డను చూసేవారు లేరు, ఫారం నింపడం రాదు. ఒక్కో జవాబుకీ ఒక్కో చిన్న సంఘం చేయగలిగిన పని ఉంటుంది.

అదే కాగితం వెనక వైపు ఇంకో ప్రశ్న రాసుకోండి: "మీకు వచ్చిన పని ఏమిటి? వారంలో ఒక గంట ఎవరికైనా నేర్పగలరా, చేసిపెట్టగలరా?" లోటుపాట్ల జాబితా కన్నా ముందు వాడలో ఉన్న బలాల జాబితా రాయాలన్నది 1993లో అమెరికా పరిశోధకులు జాన్ క్రెట్జ్‌మన్, జాన్ మెక్‌నైట్ గట్టిగా చెప్పిన పద్ధతి. రిటైరైన నర్సు, కుట్టుమిషను ఉన్న ఇల్లు, సాయంత్రం ఖాళీగా ఉండే తరగతి గది, వారంలో నాలుగు రోజులు నిలిచి ఉండే వ్యాను, ఇవన్నీ అలా అడిగితేనే బయటపడతాయి. సర్వేకు వెళ్లేవారు ఇద్దరేసి వెళ్లాలి, వేర్వేరు సంఘాల నుంచి ఒక్కొక్కరు. విన్నది ఇద్దరూ విడిగా రాసుకుని సాయంత్రం పోల్చుకోవాలి. తేడా వచ్చిన చోట మళ్లీ అడగాలి.

ప్రశ్న: ఆరు సంఘాలం నెలకోసారి కూర్చుంటున్నాం. మాటలే తప్ప పని జరగడం లేదు. లోపం ఎక్కడ?

జవాబు: రెండు చోట్ల ఉండవచ్చు. మొదటిది, సమావేశానికీ సమావేశానికీ మధ్య పని గుర్తుచేసే మనిషి లేకపోవడం. 2011లో సేవాసంస్థలకు సలహాదారులైన జాన్ కానియా, మార్క్ క్రేమర్ సంస్థల ఉమ్మడి పనికి అయిదు షరతులు చెప్పారు: ఉమ్మడి లక్ష్యం, ఒకే కొలత, ఒకదానికొకటి ఊతమిచ్చే పనులు, ఎడతెగని సంభాషణ, వీటన్నింటినీ మోసే వెన్నెముకలాంటి బృందం. చిన్న ఊళ్లలో మొదటి నాలుగూ ఎలాగోలా కుదురుతాయి, అయిదోదే ఉండదు. వారానికి ఆరేడు గంటలు కేటాయించగల ఒక్క సమన్వయకర్త ఉంటే చాలు. ఆ మనిషి ఏ సంఘానికీ అధ్యక్షుడో అధ్యక్షురాలో కాకపోవడం మంచిది. వీలైతే ఆ గంటలకు పారితోషికం ఇవ్వండి. ఊరికే చేయమంటే మూడో నెలలో వారి సొంత పనులు ముందుకొస్తాయి. అందులో వారి తప్పేమీ లేదు.

రెండోది మినిట్స్ రాసే తీరు. ఎవరు ఏం మాట్లాడారో రెండు పేజీలు రాస్తాం, ఎవరు ఏం చేయాలో రాయం. మినిట్స్‌లో ప్రతి తీర్మానం కిందా పని, మనిషి పేరు, తేదీ ఉండాలి. "యువజన సంఘం చూసుకుంటుంది" అన్న వాక్యం పనికిరాదు, సంఘానికి ఫోన్ చేయలేం కదా. సమావేశం ముగిసిన మర్నాటికల్లా ఆ పనుల జాబితా ఒక్కటే అందరి ఫోన్లకూ పంపండి. వచ్చే సమావేశంలో మొదటి పదిహేను నిమిషాలు ఆ జాబితాకే. వరుసగా రెండుసార్లు జరగని పనిని ఇంకొకరికి ఇవ్వండి, లేదా కొట్టేయండి. మూడోసారి మోయకండి.

సమావేశానికి వచ్చేవారికి తమ సంఘం తరఫున అక్కడికక్కడే "సరే" అనే అధికారం ఉండాలి. "మా వాళ్లను అడిగి చెబుతాం" అనేవారే ఎక్కువైతే ఏ నిర్ణయమైనా నెల ఆలస్యం. ఏయే విషయాల్లో ప్రతినిధి సొంతంగా ఒప్పుకోవచ్చో ప్రతి సంఘం ముందే తీర్మానం చేసి పంపితే ఈ చిక్కు పోతుంది.

ప్రశ్న: సంఘాల మధ్య ఒప్పందం రాసుకోవాలా? నోటిమాట మీద నడవదా?

జవాబు: రాసుకోండి. ఒక్క పేజీ చాలు. నమ్మకం లేక రాసుకునే కాగితం కాదిది. కార్యదర్శి మారితే పాత మాట కొత్తవారికి తెలియదు కనుక రాయాలి.

ఏ పని, ఎంతకాలం, ఎవరు ఏమిస్తారు (మనుషులు, గది, వాహనం, డబ్బు) అన్నది అందరూ రాస్తారు. మరిచిపోయేవి చెబుతాం. ఈ కలయికలో ఏం చేయబోమో కూడా ఒక వాక్యం ఉండాలి, ఎన్నికల ప్రచారం వంటివి. ఉమ్మడి డబ్బుతో కొన్న వస్తువు చివరికి ఎవరిది? స్వచ్ఛంద కార్యకర్తకు దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారు? పిల్లలతో పని ఉంటే ఒక్క పెద్దమనిషి ఒంటరిగా వారితో ఉండకూడదని, ఎప్పుడూ ఇద్దరు ఉండాలని రాయండి. ఏకాభిప్రాయం కుదరకపోతే మూడింట రెండు వంతుల మాట చెల్లుతుందని, తప్పుకోవాలనుకునే సంఘం 30 రోజుల ముందు చెప్పాలని రాయండి. బయటికి వెళ్లే దారి స్పష్టంగా ఉంటే లోపలికి రావడానికి జంకరు.

ఉద్యోగులను పెట్టుకోవడం, స్థలం కొనడం, పెద్ద గ్రాంటు తీసుకోవడం ఉంటే ఈ ఒక్క పేజీ సరిపోదు. అప్పుడు వకీలు చేత రాయించుకోవాలి.

ప్రశ్న: ఉమ్మడి డబ్బు ఎవరి ఖాతాలో ఉండాలి? లెక్కల దగ్గరే గొడవ వస్తుందని భయం.

జవాబు: మొదట్లో కొత్త ఖాతా తెరవకపోవడమే మేలు. ఏటా ఆడిట్ చేయించే సంఘం మీలో ఒకటి ఉంటుంది. ఆ సంఘం ఖాతాలో ఉంచి, ఈ పనికి మాత్రం వేరే లెడ్జరు, వేరే రసీదు పుస్తకం పెట్టించండి. అయితే డబ్బు ఉన్న సంఘం చేతిలోనే ఖర్చు నిర్ణయం కూడా ఉంటే మిగతావాళ్లు క్రమంగా అతిథులైపోతారు. అందుకని ఖర్చుకు ఒప్పుకునేది ఒకరు, చెల్లించేది ఇంకొకరు, పుస్తకంలో రాసేది మరొకరు అయ్యేలా చూడండి. చెక్కు మీద రెండు సంతకాలు, రెండూ ఒకే సంఘంవి కాకూడదు.

చిల్లర ఖర్చులకు స్థిరమొత్తం పద్ధతి పెట్టుకోండి. ఒక మొత్తం నిర్ణయించి పెట్టెలో ఉంచుతారు. ఖర్చైనప్పుడల్లా ఓచరు పెట్టెలో పడుతుంది. ఏ నిమిషాన తెరిచి చూసినా మిగిలిన నగదూ ఓచర్లూ కలిపితే మొదటి మొత్తం రావాలి. వారాంతంలో ఓచర్లు కోశాధికారికి ఇచ్చి అంతే నగదు మళ్లీ నింపుకోవాలి. ఆటోకు, కూలికి బిల్లు రాదు కాబట్టి ఓచరు మీదే ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు అని రాసి డబ్బు అందుకున్నవారి సంతకం తీసుకోండి.

గొడవలు ఎక్కువగా దొంగతనం వల్ల రావు, ఒక పని కోసం ఇచ్చిన విరాళం ఇంకో పనికి వాడడం వల్ల వస్తాయి. పుస్తకాల కోసం ఇచ్చిన డబ్బు దుప్పట్లకు మళ్లిస్తే, ఉద్దేశం మంచిదే అయినా దాత నమ్మకం పోతుంది. రసీదు మీదే "ఫలానా పనికి" లేదా "ఏ అవసరానికైనా" అని గీత పెట్టే చోటు ఉంచండి. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటునూ నగదు పుస్తకాన్నీ పోల్చి, అర పేజీ లెక్క అడగకముందే అన్ని సంఘాలకూ పంపండి. అడిగాక ఇచ్చిన లెక్క సంజాయిషీలా కనిపిస్తుంది.

ప్రశ్న: ఫంక్షన్ హాళ్లలో, హాస్టళ్లలో మిగిలిన వంటకాలు తెచ్చి వృద్ధాశ్రమానికి ఇవ్వాలని ఒక క్యాటరర్ల సంఘం, మా యువజన సంఘం అనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మంచి ఆలోచన, ఎక్కువ జాగ్రత్త కావలసినది కూడా. తినేది వృద్ధులు కాబట్టి మామూలువారికి కడుపునొప్పితో పోయేది వారికి ప్రాణం మీదికి రావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రాలు గుర్తుపెట్టుకోండి. వండిన వంట మధ్యభాగం 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. వడ్డించేదాకా 60 పైన ఉంచాలి, నిల్వ ఉంచేది 5 లోపుకు చల్లబరచాలి. గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. 5కీ 60కీ మధ్యే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి.

కాబట్టి మీరు మొదట కొనాల్సింది వ్యాను కాదు, మొన ఉన్న వంట థర్మామీటరు. దాన్ని చితక్కొట్టిన మంచుముక్కలు, కొంచెం నీళ్లు ఉన్న గ్లాసులో పెడితే సున్నా చూపాలి. వారానికోసారి అలా సరిచూడండి. గిన్నె అంచున కాక నడిమధ్యన గుచ్చి చూడాలి, ప్రతి గిన్నెకూ ముందు మొన కడిగి తుడవాలి. తీసుకునే చోట 60 పైన ఉంటే వేడి నిలిపే డబ్బాల్లోకి వెంటనే మార్చండి. 60 కన్నా తక్కువ ఉండి, ఎప్పటి నుంచి బయట ఉందో వంటమనిషి కచ్చితంగా చెప్పలేకపోతే తీసుకోవద్దు. అతిథుల బల్లల మీదకు వెళ్లి వచ్చింది అసలే వద్దు, వంటశాలలో మూతపెట్టి ఉన్నదే తీసుకోండి.

"మళ్లీ మరిగిస్తే సరిపోతుంది కదా" అని చాలామంది అంటారు. సరిపోదు. అన్నంలో ఉండే బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి వాంతులు తెప్పించే విషం తయారుచేస్తాయి. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. పెద్ద డేగిసాలో అన్నం పైన చల్లారినట్టు కనిపించినా మధ్యలో చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. మర్నాటికి ఉంచాలంటే అయిదు సెంటీమీటర్లకు మించని మందంతో వెడల్పు పళ్లేల్లో పరచాలి. 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కు ఇంకో నాలుగు గంటల్లో దిగాలి. ఆ వసతి లేకపోతే నిల్వ మాట మరచి, ఆ పూటకు తినిపించగలిగినంతే తీసుకోండి.

ప్రతి డబ్బా మీదా చీటీ అంటించండి: వంటకం పేరు, వండిన సమయం, తీసుకున్న సమయం, అప్పటి వేడి, ఎన్ని గంటల్లోపు తినాలి. పాలు, వేరుశెనగ, గోధుమ, గుడ్డు, చేప ఉంటే అదీ రాయండి. తెచ్చినవారూ అందుకున్నవారూ ఒకే రిజిస్టరులో సంతకం చేయాలి. ఎవరికైనా బాగోలేకపోతే ఏ డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో క్షణాల్లో తెలుస్తుంది.

ప్రశ్న: వరదలు వస్తే బడిలో 500 మందికి ఆశ్రయం ఇవ్వాలని అయిదు సంఘాలం ముందే సిద్ధమవుతున్నాం. నీళ్లు, మరుగుదొడ్లు ఎన్ని కావాలి? పని ఎలా పంచుకోవాలి?

జవాబు: 1997లో మొదలైన స్ఫియర్ ప్రమాణాలు (విపత్తు సహాయంలో పాటించాల్సిన కనీస కొలతలు) ఇలాంటి లెక్కకు ప్రపంచమంతటా వాడుతున్నవే. తాగడానికీ, వంటకీ, ఒంటి శుభ్రతకీ కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, అంటే 500 మందికి 7,500 లీటర్లు. 250 మందికి ఒక కుళాయి చొప్పున రెండు. అయితే ఆ కుళాయి నిమిషానికి 7.5 లీటర్లు పోయాలి. అలా పోసినా 250 మంది వాటా 3,750 లీటర్లు రావడానికి ఎనిమిది గంటలు దాటుతుంది. నీళ్లు రోజుకు నాలుగు గంటలే వచ్చే చోట కుళాయిలు రెట్టింపుకు కాస్త పైనే కావాలి, లేదా ట్యాంకు కావాలి. మరుగుదొడ్లు మొదటి రోజుల్లో 50 మందికి ఒకటి చొప్పున పది, తరువాత 20 మందికి ఒకటి చొప్పున పాతిక. ఆడవారికి మూడు ఉంటే మగవారికి ఒకటి అన్న నిష్పత్తిలో ఉండాలి. తలుపుకు లోపల గడియ, రాత్రి దీపం తప్పనిసరి. ఇవి లేకపోతే ఆడవాళ్లు చీకటి పడ్డాక నీళ్లు తాగడమే మానేస్తారు.

చోటు లెక్కలోనే అందరూ పొరబడతారు. మనిషికి 3.5 చదరపు మీటర్ల కప్పు కింది స్థలం కావాలి, వంటచోటు కాక. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న హాల్లో కూర్చుంటే 500 మంది పట్టవచ్చు, పడుకుని బతకాలంటే 171 మందే. మీ బడి గదులన్నీ ఈరోజే టేపుతో కొలవండి. మిగిలినవారికి రెండో భవనం ఏదో ఇప్పుడే మాట్లాడుకోండి.

నీటిలో క్లోరిన్ కలిపే పని ఒకే సంఘానికి, అందులోనూ శిక్షణ పొందిన ఇద్దరికే ఇవ్వండి. నలుగురూ తలో గుప్పెడు వేస్తే నీళ్లు తాగలేనంత ఘాటెక్కుతాయి, జనం వాగు నీళ్లకు పోతారు. పద్ధతి ఇది. ముందుగా ఒక శాతం క్లోరిన్ ద్రావణం చేయాలి. బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ 33 శాతం ఉంటే లీటరు నీటికి 30 గ్రాములు, పాతబడి 25 శాతానికి దిగితే 40 గ్రాములు. కలిపి, తేరుకున్నాక పైనున్న నీరే వాడాలి. నాలుగు ప్లాస్టిక్ బకెట్లలో ఒక్కోదానిలో 20 లీటర్ల చొప్పున మీ నీళ్లే నింపి, సిరంజితో వరుసగా 1, 1.5, 2, 2.5 మిల్లీలీటర్ల ద్రావణం వేయండి. కలియబెట్టి 30 నిమిషాలు ఆగండి. తరువాత డీపీడీ మాత్రల కిట్‌తో (నీటిలో ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్‌ను రంగుతో చూపేది) పరీక్షిస్తే నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య మిగులు క్లోరిన్ చూపిన బకెట్టే మీ కొలత. ఉదాహరణకు 2 మిల్లీలీటర్ల బకెట్ సరిపోయిందనుకోండి, 2,000 లీటర్ల ట్యాంకుకు అదే ద్రావణం 200 మిల్లీలీటర్లు పడుతుంది.

ఏ బకెట్లోనూ రంగు రాకపోతే మోతాదు చాలలేదని, ఇంకా పెంచి చూడాలని అర్థం. బురద నీటిలో క్లోరిన్ ఆ మట్టి మీదే ఖర్చైపోతుంది. ముందు పటికతో తేర్చి, పైతేట వేరే పాత్రలోకి వంపుకుని అప్పుడు చేయాలి. వర్షం పడ్డాక, నీటి వనరు మారాక బకెట్ల పరీక్ష మళ్లీ చేయాల్సిందే. పౌడరు సంచి మూతి తెరిచి తేమలో ఉంచితే బలం పోతుంది. ద్రావణం ఎండ తగలని మూతపాత్రలో ఉంచాలి, లోహపు పాత్ర వద్దు. ట్యాంకు దగ్గరే కాక, చివరి గదిలో జనం తాగే బిందెలో కూడా పరీక్షించండి.

పంపకం మాటకొస్తే, నీళ్లు, మరుగుదొడ్లు, వంట, నమోదు, ఆరోగ్యం, ఒక్కోదానికి ఒక సంఘం పూర్తి బాధ్యత. రాత్రి పదకొండుకు ఫోన్ మోగితే ఎవరు రావాలో ఆ అయిదు పేర్లు బడి గేటు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

ప్రశ్న: మేం పని చేస్తే పెద్ద సంస్థ వాళ్లు బ్యానరు కట్టుకుని ఫొటోలు దిగి వెళ్తున్నారు. మా కార్యకర్తలు నొచ్చుకుంటున్నారు.

జవాబు: న్యాయమైన బాధే. దీన్ని కార్యక్రమం రోజున కాక ఒప్పంద పత్రంలోనే తేల్చుకోవాలి: అన్ని సంఘాల పేర్లూ అక్షర క్రమంలో, ఒకే సైజులో. పత్రికలతో మాట్లాడే వంతు నెలకొకరిది. సాయం అందుకుంటున్నవారి ముఖాలు కనిపించే ఫొటోలు ఎవరూ తీయకూడదన్న నియమం కూడా అందులోనే చేర్చండి. ఈ ఒక్క నియమంతో బ్యానర్ల తగవు సగం తగ్గుతుంది, అందుకునేవారి గౌరవమూ నిలుస్తుంది.

ప్రశ్న: చక్రాల కుర్చీలు, చేతికర్రలు, వాకర్లు వంటివి అరువిచ్చే ఉమ్మడి కేంద్రం పెట్టాలని గ్రంథాలయ కమిటీ, రోగుల సహాయ సంఘం, పెద్దల సంఘం అనుకుంటున్నాం. ఎలా నడపాలి?

జవాబు: గ్రంథాలయ కమిటీ మీతో ఉండడం అదృష్టం. అరువు రిజిస్టరు, గడువు, గుర్తుచేయడం వారికి కొట్టిన పిండి. ఆ పని వారికే వదిలేయండి. రోగుల సంఘం కొలతలు, శుభ్రత చూడాలి. పెద్దల సంఘం ఇళ్లకు వెళ్లి వస్తువు ఎలా వాడుతున్నారో చూడాలి.

వస్తువు ఇవ్వడం కన్నా సరిపోయేలా ఇవ్వడం ముఖ్యం. చంకల కర్రల పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. చేతిపిడి మణికట్టు ముడత ఎత్తున ఉండాలి, పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగాలి. బరువు చేతుల మీద పడాలి. చంక మీద వేలాడితే అక్కడి నరం నలిగి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. కర్ర అడుగు రబ్బరు అరిగి గీతలు పోయి ఉంటే ఆ కర్ర ఇవ్వకండి, తడి నేల మీద జారేది అక్కడే. చక్రాల కుర్చీలో బ్రేకులు రెండూ వేసి తోసి చూడండి, కదలకూడదు. ఆక్సిజన్ యంత్రం అడిగితే డాక్టరు చీటీ లేకుండా ఇవ్వవద్దు.

తిరిగి వచ్చిన వస్తువు నేరుగా అలమారలోకి పోకూడదు. "వచ్చినవి", "సిద్ధంగా ఉన్నవి" అని రెండు వేర్వేరు చోట్లు ఉండాలి. ముందు సబ్బునీటితో కడగాలి. మురికి ఉండగా క్రిమిసంహారకం వేస్తే పనిచేయదు. తరువాత 0.1 శాతం క్లోరిన్ ద్రావణంతో తుడిచి, పది నిమిషాలు ఆగి, మంచినీటితో మళ్లీ తుడవాలి. లేకపోతే లోహం తుప్పు పడుతుంది.

గడువు దాటినవారి మీద మొదటిసారే జరిమానా వేయకండి. ఉమ్మడి వనరులు ఎలా నిలుస్తాయో జీవితమంతా పరిశోధించి 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ గమనించిన వాటిలో ఇదొకటి: శిక్ష మెల్లగా, మెట్లు మెట్లుగా పెరగాలి. మొదట ఫోన్, తరువాత ఇంటికి వెళ్లి పలకరింపు, ఆ పైన డిపాజిట్లో కోత. ఫోన్ చేస్తే చాలావరకు తెలిసేది రోగికి ఇంకా అవసరం ఉందనే. అప్పుడు గడువు పొడిగించి, కొత్త తేదీ రిజిస్టరులో వేసి, వెయిటింగ్ జాబితాలో తరువాత ఉన్నవారికి ఆ రోజే చెప్పండి.

ప్రశ్న: మా ఉమ్మడి బృందంలోంచి ఒక సంఘం మధ్యలో తప్పుకుంటానంటోంది. మిగిలినవాళ్లం ఏం చేయాలి?

జవాబు: బతిమాలడం, నిందించడం రెండూ వద్దు. వారు చేస్తున్న పనులు, వారి దగ్గరున్న తాళాలు, రిజిస్టర్లు, వస్తువులు, పాస్‌వర్డులు, ఇంకా ఇవ్వాల్సిన బాకీలు ఒక కాగితం మీద రాయించుకుని, ఒక్కోటి ఎవరికి అప్పజెప్పారో ఎదురుగా సంతకం పెట్టించండి. ఆ సంఘం జాబితాలో ఉన్న కుటుంబాల వివరాలు ఎవరి దగ్గర ఉండాలో ఆ కుటుంబాలనే అడగండి. వారు చూస్తున్న ఇళ్లకు ఈ నెల సరుకులు ఎవరు తీసుకెళ్తారో ఆ సమావేశం నుంచి లేచేలోపు పేరు, తేదీ రాసుకోండి.